గెలుపు నష్టమైతే ఓడిపోండి: మత్తూరు స్క్వాడ్‌లకు సలహాలు

టోర్నమెంట్‌కు పేరిచ్చాక ఏ గన్ తీసుకోవాలి, ఎవరు ముందుకు దూకాలి అని రాత్రంతా మాట్లాడుకుంటారు. కృష్ణగిరి జిల్లా మత్తూరు, పోచంపల్లి, ఊత్తంగరై వైపు ఫోన్‌లో ఫ్రీ ఫైర్ ఆడే తమ్ముళ్లకు నా మొదటి సలహా వేరు. ఒక పూట ప్రాక్టీసు మానేసైనా సరే, బ్రాకెట్ కాగితం అడిగి తీసుకుని చదవండి. గ్రూపులో మొదటి స్థానం వస్తే ఎవరితో పడతారో, రెండో స్థానం వస్తే ఎవరితో పడతారో గీత మీద వేలు పెట్టి చూసుకోండి. రెండో స్థానమే మేలని తేలిందా, చివరి లీగ్ మ్యాచ్ ఓడిపోండి. దొంగచాటుగా కాదు. నిర్వాహకుడికి ముందే చెప్పి, అందరి ఎదుటా ఓడిపోండి.

ఇది తప్పుడు సలహా అంటారని తెలుసు. ప్రతి మ్యాచ్ ప్రాణం పెట్టి ఆడాలని బడిలో నేర్పారు, కబడ్డీ బరిలోనూ అదే నేర్పారు. కానీ మీరు పేరిచ్చింది టోర్నమెంట్ గెలవడానికి. గెలిచినవాణ్ని పులి బోనులోకి, ఓడినవాణ్ని చల్లని నీడలోకి పంపేలా రూలు రాసింది మీరు కాదు. అది రాసినవాడికి ఏ శిక్షా లేదు, నీతి మాత్రం ఆటగాడొక్కడే మోయాలంటే నేను ఒప్పుకోను.

లండన్ ఒలింపిక్స్ చూడండి. 2012లో బ్యాడ్మింటన్‌కు మొదటిసారి గ్రూపు దశ పెట్టారు. అంతకుముందు ఒలింపిక్స్‌లో నేరుగా నాకౌటే. జూలై 31న మహిళల డబుల్స్‌లో చైనాకు చెందిన తియాన్ చింగ్, ఝావో యున్‌లేయ్ జోడీ డెన్మార్క్ చేతిలో ఓడి తమ గ్రూపులో రెండో స్థానానికి జారింది. దాంతో చైనా నంబర్ వన్ జోడీ యు యాంగ్, వాంగ్ షియావ్‌లీ తమ గ్రూపులో గెలిస్తే ఫైనల్‌కు ముందే సొంత దేశం జోడీతో తలపడాలి. ఓడితే ఆ బెడద లేదు. అవతల ఆడుతున్న కొరియా జోడీకి కూడా ఓడడమే నయం. ఇద్దరూ సర్వీసులు నెట్‌కు కొట్టారు. మొదటి గేములో అన్నిటికన్నా పొడవైన ర్యాలీ నాలుగు షాట్లు. జనం అరిచి గోల చేశారు. కాసేపటికి ఇంకో కొరియా జోడీ, ఇండోనేషియా జోడీ అదే పని చేశాయి. మర్నాడు నాలుగు జోడీలనూ ఇంటికి పంపేశారు.

మరి ఆ షెడ్యూలు గీసిన కాగితాన్ని ఎవరైనా ఇంటికి పంపారా?

ఆ జూలై 31నే మన గుత్తా జ్వాల, అశ్వినీ పొన్నప్ప ఇంకో గ్రూపులో సింగపూర్ జోడీని ఓడించి కూడా బయటికొచ్చేశారు. జపాన్, చైనీస్ తైపీ, మనవాళ్లు, మూడు జోడీలకూ తలా రెండు గెలుపులు. లెక్క తీస్తే పాయింట్ల తేడాలో ఒకే ఒక్క పాయింటుతో వెనకబడ్డారు. జపాన్ జోడీ తైపీతో మనసు పెట్టి ఆడలేదని మనవాళ్లు ఫిర్యాదు చేశారు. దాన్ని కొట్టేశారు. ఆ జపాన్ జోడీయే చివరికి వెండి పతకం తీసుకెళ్లింది. ఇంకో సంగతి చూడండి: పంపేసిన జోడీల చోట్లోకి వాళ్ల గ్రూపుల్లో మూడు, నాలుగు స్థానాల్లో ఉన్నవాళ్లను తెచ్చారు. గ్రూపులో ఒక్క మ్యాచ్ కూడా గెలవని కెనడా జోడీ అలా సెమీఫైనల్ దాకా వెళ్లింది. రెండు గెలిచిన మన జోడీ విమానం ఎక్కింది. ఇన్నేళ్లయినా నాకిది మింగుడుపడదు.

అందుకే రెండో సలహా: ఎదుటి జట్టు మీద ఫిర్యాదు చేయకండి. మనసు పెట్టి ఆడలేదని నిరూపించడం కష్టం. ఫిర్యాదు రూలు మీద చేయండి, అదీ మొదటి మ్యాచ్‌కు ముందు. మూడో సలహా: అందరికన్నా బలహీనమైన జట్టు మీదే అందరికన్నా కసిగా ఆడండి. ఫ్రీ ఫైర్‌లోని క్లాష్ స్క్వాడ్ ఆటలో నాలుగు రౌండ్లు ముందు గెలిచినవాడిదే మ్యాచ్. పాపం పిల్లలు అని జాలిపడి 4-0ని 4-2 చేశారంటే, రౌండ్ల తేడా లెక్కేసినప్పుడు ఆ రెండు రౌండ్లే మీ గొంతు మీద కూర్చుంటాయి. జాలి మ్యాచ్ అయ్యాక టీ తాగిస్తూ చూపించుకోవచ్చు.

లండన్‌లో చెడ్డగా ఓడినవాళ్ల వల్ల జరిగిన మంచిని ఎవరూ చెప్పరు. ఆ ఏడాదే ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య రూలు మార్చింది. గ్రూపులో రెండో స్థానం వచ్చిన జోడీలకు నాకౌట్ ముందు మళ్లీ డ్రా తీస్తారు. ఓడితే ఎవరితో పడతామో తెలియనప్పుడు ఓడి లాభమేమిటి? ఆ నాలుగు జోడీలు మర్యాదగా నటిస్తూ ఓడి ఉంటే పాత రూలు ఇంకా అలాగే ఉండేది.

ఇక పోటీ పెట్టే అన్నలకు. సీడింగ్ వద్దు, అంటే బలమైన జట్లను ముందే ఎంచి బ్రాకెట్‌లో వేరువేరు చోట్ల కూర్చోబెట్టడం వద్దు.

ఎందుకు కావాలంటారో నాకు తెలుసు. ‘ఆలిస్’ కథ రాసిన లూయిస్ కారల్ గణిత పండితుడు కూడా. 1883లో టెన్నిస్ పోటీల మీద రాస్తూ, 32 మందికి చీటీలు వేస్తే నిజంగా రెండోవాడైన ఆటగాడికి రెండో బహుమతి దక్కే అవకాశం 31లో 16 పాళ్లేనని చూపించాడు. మన దగ్గర ఎనిమిది జట్లొస్తే ఏడింట నాలుగు. బలమైన జట్టు ఒక చోట కూర్చుంటే మిగిలేవి ఏడు చోట్లు, వాటిలో అవతలి సగంలో ఉన్నవి నాలుగే. వింబుల్డన్‌లో 1927 నుంచి పూర్తిగా సీడింగ్ వచ్చింది. లెక్క తప్పు కాదు. కానీ సీడ్ ఎక్కడి నుంచి తెస్తారు? గేములో ర్యాంకు చూసి ఇస్తే అది చేతి నైపుణ్యంతో పాటు ఆడిన గంటల్నీ కొలుస్తుంది. ఎండాకాలం మామిడి కోతకు వెళ్లే కుర్రాడూ, హోసూరు సిప్‌కాట్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాడూ గ్రాండ్‌మాస్టర్ ఎప్పుడవుతారు? నిరుటి ఫలితం చూసి ఇస్తే నిరుడు గెలిచినవాడికి ఈ ఏడు సగం దారి సాఫీ చేసినట్టే. “అన్నా, మమ్మల్ని యాడ ఏసినారు?” అని కొత్త జట్టు అడిగితే, మొదటి సీడ్ కింద వేశామని చెప్పాలి. వాళ్లు బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చింది అందుకా?

చీటీలు వేయండి. రెండు పెద్ద జట్లు మొదటి రౌండ్‌లోనే పడితే పడనీయండి, పొద్దున పదింటికే జనం నిండుతారు. ఫైనల్ చప్పగా ఉంటే ఉండనీయండి. ఒక్కసారి వేసి వదలకండి, ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్‌లోలా రౌండ్ రౌండ్‌కూ మళ్లీ వేయండి. నేను మొదట చెప్పిన ఓడిపోయే సలహాకు అప్పుడు పని ఉండదు. జట్లు బేసి సంఖ్యలో వస్తే, ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు వెళ్లే బై కూడా చీటీకే వదిలేయండి, మీ బావమరిది జట్టుకు కాదు.

మన కృష్ణగిరి వైపు ఎద్దుల పరుగులో ఎద్దు ఒంటరిగా పరిగెడుతుంది, దాని జాతకం గడియారం చెబుతుంది. ఎవరితో పడ్డామన్న గొడవే రాదు. స్క్వాడ్ ఆటకు ఎదురుజట్టు తప్పదు కాబట్టే చీటీ.

రెండుసార్లు ఓడితేనే ఇంటికి పంపే డబుల్ ఎలిమినేషన్ పెడితే 16 జట్లకు 15 మ్యాచ్‌లు కాస్తా 30 అవుతాయి. ఒకసారి ఓడి కింది బ్రాకెట్‌లోంచి వచ్చిన జట్టు ఫైనల్ గెలిస్తే, పై జట్టుకు అదే మొదటి ఓటమని ఇంకొకటి ఆడించి 31 చేస్తారు. ఆ రెండో ఫైనల్ వద్దు. 2021లో బుకారెస్ట్‌లో డోటా 2 ప్రపంచ పోటీలో టీమ్ స్పిరిట్ కింది బ్రాకెట్ నుంచే వచ్చి, పీఎస్‌జీ ఎల్‌జీడీని 3-2తో ఒకే ఫైనల్‌లో ఓడించి కప్పు పట్టుకుపోయింది. అన్ని మెట్లు ఎక్కి వచ్చినవాణ్ని ఇంకోసారి రుజువు చేసుకోమనడం నాకు నచ్చదు.

ఒక్క గీత మాత్రం దాటకండి. తక్కువ ర్యాంకున్న రెండో ఐడీతో దిగి చిన్న జట్ల మీద పడకండి. అది మోసం, ఎదుటివాడికి తెలియకుండా చేసేది. నేను చెప్పే ఓటమి అందరికీ తెలిసి చేసేది. 1994 కరీబియన్ కప్ ఫుట్‌బాల్ అర్హత పోటీల్లో అదనపు సమయంలో పడే గోల్ రెండు గోల్స్‌తో సమానమనే రూలుండేది. రెండు గోల్స్ తేడాతో గెలవాల్సిన బార్బడోస్ అది చూసుకుని అందరి ఎదుటే తన గోల్‌లోకి తానే బంతి కొట్టుకుంది. అదనపు సమయం సంపాదించి గ్రెనడాను 4-2తో ఓడించింది. వాళ్లకు శిక్ష పడలేదు.

మీకు పడొచ్చు. అందుకే కాగితం మీద రాసివ్వండి: మా గ్రూపులో మొదటి స్థానం వస్తే ఫలానా జట్టుతో, రెండో స్థానం వస్తే ఫలానా జట్టుతో పడతాం, రెండోదే మాకు లాభం, డ్రా మళ్లీ వేస్తే గెలవడానికే ఆడతాం. నలుగురూ సంతకాలు పెట్టి, రూమ్ ఐడీ రాకముందే నిర్వాహకుడి చేతికివ్వండి. చీటీల డబ్బా తెప్పిస్తే ఫోన్లు తీసి కూర్చోండి. తెప్పించకపోతే ఓడిపోండి. పంపేస్తే, ఆ కాగితం ఫొటో తీసి వచ్చిన జట్లన్నిటికీ పంపి ఇంటికెళ్లండి.