కాపీకీ చెమటోడ్చిన రోజులు

మా రోజుల్లో కాపీ కొట్టాలన్నా ఒళ్లు వంచాలి. నవ్వకండి. లైబ్రరీకి పోవాలి, కావలసిన పుస్తకం దొరకాలి, దొరికితే గుమాస్తా దయతలచి చేతికివ్వాలి, ఆ పైన వేళ్లు పీకేలా సిరాకలంతో ఎత్తి రాసుకోవాలి. పది పేజీలు రాసేసరికి వద్దన్నా నాలుగు ముక్కలు బుర్రకెక్కేవి. ఇప్పటి కాపీకి ఆ పాటి పుణ్యం కూడా లేదు. ఏం ఎత్తాడో ఎత్తినవాడికే తెలియదు.

నేను ముంబై కామాఠీపుర గల్లీలో పుట్టి పెరిగినవాణ్ణి. బాపుది మిల్లు పని. మున్సిపాలిటీ తెలుగు బడి అయ్యాక సిద్ధార్థ కాలేజీలో చేరాను. 1946లో అంబేడ్కర్ స్థాపించిన ఆ కాలేజీ పొద్దున్నే నడిచేది, కొలువులు చేసుకునే పిల్లలు క్లాసు ముగించుకుని పనికి పోవచ్చని. అక్కడ ఒక సారు ఉండేవారు. వ్యాసంలో ఏ వాక్యమైనా మా స్థాయికి మించి మెరిస్తే దాని కింద ఎర్రగీత గీసి, "ఇది నీ సొంతమా, అప్పా?" అని అడిగేవారు. అప్పయితే ఎవరి దగ్గర తెచ్చావో మార్జిన్‌లో రాయమనేవారు. తిట్టడం లేదు, మార్కులు కోయడం లేదు. కానీ నలుగురి ముందు అప్పు ఒప్పుకోవడం ఉంది చూశారూ, అదే చాలు.

ఇక మా మనవడి సంగతి. బి.ఏ. సోషియాలజీ. ప్రాజెక్టుకు ఇచ్చిన విషయం కామాఠీపుర. చాళ్‌లో నేనుండగా వీడికి ఇంకేం కావాలి అనుకున్నాను. నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు వచ్చిన తెలుగు కూలీలను కామాఠీలన్నారనీ, ఈ పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చిందనీ, 1982 జనవరిలో కార్మిక నాయకుడు దత్తా సామంత్ నడిపిన మిల్లుల సమ్మె మొదలయ్యాక మిల్లు కుటుంబాలు ఏమైపోయాయో కూడా, అడిగితే రాత్రంతా చెప్పేవాణ్ణి. వాడు అడగలేదు. ఒక సాయంత్రంలో ముప్పై పేజీలు తయారు! తీసి చదివితే 'రెడ్ లైట్ ఏరియా' అనవలసిన చోటల్లా 'క్రిమ్సన్ ల్యాంప్ రీజియన్' అని ఉంది. ఇదేమిట్రా అంటే, "ఉన్నదున్నట్టు పెడితే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది తాతా, అందుకే మాటలు మార్చే టూల్‌లో వేశాను" అన్నాడు. పోలిక ఎనిమిది శాతమే వచ్చిందట. పాస్!

వీడొక్కడే అనుకునేరు. ఫ్రాన్స్‌లో గియోమ్ కబనాక్ అనే పరిశోధకుడూ ఆయన మిత్రులూ 2021లో ఇలాంటి వంకరమాటలు పెద్దపెద్ద సైన్స్ పత్రికల్లోనే పట్టుకున్నారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయి కూర్చుందట. మనవైపు మాత్రం తక్కువా? తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ 2004, 2007 మధ్య అచ్చువేసిన డెబ్బై దాకా పేపర్లలో ఇతరుల పనీ, కల్పించిన లెక్కలూ ఉన్నాయని బయటపడి 2008లో ప్రపంచమంతా పాకింది. గురువులే అలా ఉంటే పిల్లల్ని ఏమనాలి?

నిబంధనలు లేక కాదు. యూజీసీ 2018లో గట్టిగానే రాసింది. థీసిస్‌లో పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు. పది నుంచి నలభై అయితే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాది పాటు ఇవ్వడానికే వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ మరుసటి ఏడాది 'శోధశుద్ధి' పేరుతో విశ్వవిద్యాలయాలకు సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చారు. మంచిదే. కానీ యంత్రం చెప్పేది పోలిక ఎంతో, అంతే. కుర్రవాడికి విషయం తెలుసా లేదా అన్నది దానికేం తెలుసు? పైగా 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక పోలిక కూడా దొరకడం లేదు. ఎవరూ రాయని వాక్యాలు అది అడిగిన ప్రతివాడికీ అల్లి ఇస్తోంది.

పిల్లల్ని తిట్టి ఊరుకుంటే అన్యాయం. బడిలో చేరిన నాటి నుంచి మనం నేర్పిందేమిటి? సారు పచ్చబడ్డ నోట్సు చూసి చెప్తే రాసుకో, రాసుకున్నది బట్టీ పట్టు, పట్టింది పరీక్షలో పొల్లు పోకుండా దించు. దించినవాడికి ఫస్ట్ క్లాసు. మా కాలంలోనూ అంతే, గైడ్లు మాకూ ఉండేవి. పదిహేనేళ్లు అలా దించడమే చదువన్నాక, కాలేజీలో ఒకరోజు హఠాత్తుగా అదే పనిని దొంగతనం అంటారు. పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? ఇంకో బాధ కూడా ఉంది. ఈ చాళ్లలో ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, కిరాణా కొట్లో మరాఠీ. ప్రాజెక్టు మాత్రం ఇంగ్లీషులో రాయాలి. సొంతంగా రెండు వాక్యాలు కట్టలేక వణికేవాడు అచ్చులో ఉన్న నున్నటి పేరాను చూస్తే వదులుతాడా? అందులో సోమరితనం కంటే భయమే ఎక్కువ. సబ్మిషన్ల వారం జిరాక్స్ షాపుల ముందు నిలబడి చూడండి, ఆ భయం మొహాల మీదే కనిపిస్తుంది.

మా మనవణ్ణి చివరికి కూర్చోబెట్టాను. "టైపు చేయకు. మన గల్లీలో నలుగురు ముసలివాళ్లను అడుగు, వాళ్లు చెప్పింది నీకొచ్చిన ఇంగ్లీషులో రాయి" అన్నాను. గొణుక్కుంటూనే వెళ్లాడు. తెచ్చినవి ఆరు పేజీలు, వ్యాకరణం ఘోరం. కానీ మిల్లు మూతపడ్డాక బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన ఒక అవ్వ మాటలు అందులో ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా వాటికి పోలిక దొరకదు.

కాలేజీల్లో పాఠాలు చెప్పే సార్లకు, మేడమ్‌లకు ఈ ముసలివాడి విన్నపం. ఎక్కడ పడితే అక్కడ దొరికే విషయాలు ఇవ్వకండి, పిల్లవాడు తిరిగి అడిగి తెలుసుకోవలసినవి ఇవ్వండి. శాతం చూసి సంతకం పెట్టకండి. ఒక్కొక్కరిని ఎదురుగా కూర్చోబెట్టి, రాసిన దాంట్లోంచే అయిదు నిమిషాలు ప్రశ్నలడగండి. క్లాసులో నూట ఇరవై మంది ఉన్నారంటారా, అయితే అధ్యాపకుల ఖాళీలు నింపమని మీతో పాటు మేమూ అడుగుతాం.