పంటు పోతే అందం పోతుందట!

సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి వశిష్ఠ గోదావరి మీద వంతెన కట్టకూడదట. కడితే అందం పోతుందట. ఈ మాట అనేవాళ్లు అంతర్వేదిలో స్వామిని దర్శించుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఫొటోలు దిగి, కారుతో సహా ఏరు దాటించే పంటెక్కి, కాసేపు గాలి పీల్చుకుని అవతలి ఒడ్డున దిగిపోతారు. మళ్లీ ఏడాదిదాకా కనిపించరు.

అంతర్వేది పల్లిపాలెం జాలర్లకు గాలంటే పడక కాదండి. పుట్టింది లగాయతు పీలుస్తున్నది ఆ గాలే. కాకపోతే అదే గాలికి, పంటు కోసం ఆగిన చేపల పెట్టెలో ఐసు కరుగుతుంది. చందువ చేపకు కవి హృదయం ఉండదు, పొద్దెక్కేకొద్దీ ధర దిగడం తప్ప దానికేమీ తెలీదు.

రోడ్డు లేదా అంటే, ఎందుకు లేదూ? రాజోలు మీదుగా దిండి వెళ్లి, చించినాడ వంతెన దాటి, పాలకొల్లు చుట్టుకుని దర్జాగా రావచ్చు. ఎదురుగా కనబడే ఊరికి ఇన్ని ఊళ్లు చూసుకుంటూ వెళ్లే భాగ్యం ఎందరికి ఉంది! చివరి పంటు వెళ్లిపోయాక నొప్పులొచ్చిన గర్భిణికి ఈ విహారయాత్ర తప్పనిసరి కూడాను.

పుస్తెలమ్మైనా పులస తినమన్నారు. ఆ పులస సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కేది ఎర్రనీళ్లప్పుడే. వరద ఉద్ధృతమైతే పంటు ఆపేసేదీ అప్పుడే. చేప దర్జాగా ధవళేశ్వరందాకా పోతుంది. దాన్ని పట్టేవాడు మాత్రం రేవులో నిలబడి ఉంటాడు.

రైలు సంగతా? 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి పట్టాలను యుద్ధానికి ఇనుము కావాలని దొరలు 1940లో పీకేశారు. తిరిగి 2004లో వేశారు. కోటిపల్లి నుంచి నరసాపురందాకా 57 కిలోమీటర్ల లైను 2000–01లోనే మంజూరైంది. దానికోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకరు బాలయోగి 2002లో పోయారు. కోటిపల్లి బండికీ నరసాపురం బండికీ ఇంకా ముఖపరిచయం కాలేదు. పీకడానికి ఒక్క యుద్ధం సరిపోయింది గానీ వేయడానికి పాతికేళ్ల శాంతి చాల్లేదు!

ఈ అందమంతా కోనసీమే మూటగట్టుకోవడం అన్యాయం. కాబట్టి మాదో విన్నపం. హైదరాబాదు దుర్గం చెరువు మీద 2020లో తెరిచిన తీగల వంతెనను విప్పేసి, జూబ్లీహిల్స్ నుంచి మాదాపూరుకు పంటు వేయించాలి. రేవు వేలంపాట ఎలా పాడాలో మావాళ్లు వచ్చి నేర్పుతారు. ఆఫీసుకు వేళ మించుతున్న సాఫ్ట్‌వేర్ బాబులు లాప్‌టాపులు ఒళ్లో పెట్టుకుని, స్కూటర్ల మధ్య సర్దుకుని నిలబడి గాలి పీలుస్తారు. వానొస్తే పంటు ఆపేస్తాం. మేనేజరు ఫోన్ చేసి ఎక్కడున్నావంటే, ‘అందంలో ఉన్నానండి’ అని చెప్పుకోవచ్చు.