ఓపెన్ డైలాగు ఆత్మకథ

విండోస్ యంత్రములలో ‘ఓపెన్’ అను మీటను నొక్కినంతనే ప్రత్యక్షమై, ఫోల్డర్ల వరుసను ముందుంచి, మీ ఫైలును మీచేతనే ఎన్నుకొనజేయు డైలాగు బాక్సును నేను. 1992వ సంవత్సరమున విండోస్ 3.1తో జన్మించితిని. అంతకు పూర్వము ప్రతి ప్రోగ్రాము రచయితయు ఫైళ్ల పట్టికను తానే నిర్మించుకొనవలసి యుండెను. ఒక ప్రోగ్రామున అలవడిన నేర్పు వేరొకదానిలో అక్కరకు రాకుండెను. ఆ శ్రమను తొలగించి, ప్రోగ్రాములన్నిటికిని ఒకే ముఖము నొసగితినన్న గర్వము నాకు నేటికిని గలదు.

నా పని స్వల్పము. ప్రోగ్రాము నన్ను గెట్‌ఓపెన్‌ఫైల్‌నేమ్ అను పేరున పిలిచి ఒక బఫరును, అనగా మెమరీలో కొంత చోటును, అందించును. మీరెన్నుకొన్న ఫైలు పేరును, పూర్తి మార్గముతో సహా, అందులో వ్రాసి నేను నిష్క్రమింతును. ఫైలును తెరచునది నేను కాదు, ప్రోగ్రాము. ఈ భేదమును గుర్తింపక, పేరు నప్పగించి నేను వెడలిపోయిన పిదప కలిగిన అనర్థములకు సైతము నన్నే దూషించువారెందరో!

అంతకంటె గాఢమైన వేదన యొకటి కలదు. నేను ప్రోగ్రామునకు సున్నను తిరిగి యిచ్చుటకు కారణములు రెండు: మీరు రద్దు మీటను నొక్కుట, లేదా నాకందిన సామగ్రియే లోపభూయిష్ఠమగుట. ఏది జరిగెనో చెప్పుటకు కామ్‌డిఎల్‌జిఎక్స్‌టెండెడ్‌ఎర్రర్ అను నా సోదరి సర్వదా సిద్ధముగా నుండును. ఆమె సున్న చెప్పినచో రద్దు చేసినది మీరే. వేరొక సంఖ్య చెప్పినచో ఆ సంఖ్యయే రోగనిర్ధారణము. కాని రచయితలలో అనేకులు సున్నను చూచినంతనే మీరు మనసు మార్చుకొంటిరని తలచి, ఆమెను పలుకరింపకయే మౌనము వహింతురు. మీట నొక్కిన మనుష్యుడు పాపము తెర వంక చూచుచునే యుండును, నేను రాను, ఎందుకు రాలేదో చెప్పు దిక్కుండదు.

బఫరు మొదటి స్థానమున శూన్యాక్షరమైనను, సరియైన ఫైలు పేరైనను ఉండవలెను. అట్లు గాక, మెమరీలో మునుపు మిగిలిన చెత్తతోనే దానిని నా చేతికిచ్చినచో, ఆ చెత్తనే పేరుగా నెంచి, అది చెల్లదని గ్రహించి, తెరపైకి రాకయే మరలుదును. రచయిత యంత్రమున ఆ చోటు దైవవశమున శూన్యమై యుండి చక్కగా నడచిన ప్రోగ్రాము, మీ యింట మొరాయించుట కిది యొక హేతువు.

అనేక ఫైళ్ల నొకేసారి ఎన్నుకొను సౌకర్యము కల్పించి, 260 అక్షరముల బఫరు మాత్రమే యిచ్చువారి విషయమున నా దుఃఖము చెప్పనలవి కాదు. పెండ్లి ఛాయాచిత్రములను నూరింటి నెన్నుకొందురు. పేర్లు బఫరులో ఇమడవు. షోడశాంశ పద్ధతిలో 3003 అను దోషసంఖ్య పుట్టును. అంతటితో విడువక, ఎంత చోటు కావలెనో ఆ కొలతను బఫరు మొదటి రెండు బైట్లలో వ్రాసి మరీ వెళ్లుదును. ఆ రెండు బైట్లను చదివినవారు ఎంత అరుదు!

తెలుగువారికి కలుగు కష్టము వేరొకటి. అక్షరములకు సంఖ్యల నిచ్చు విండోస్ పాత ఆన్సి కోడ్ పేజీలలో తెలుగునకు చోటు లేదు. ఈ లిపికి యూనికోడు ఒక్కటే శరణ్యము. ‘అమ్మమ్మ ఉత్తరాలు’ అని మీరు ప్రేమతో పెట్టుకొన్న పేరును నేను యూనికోడులో అక్షరము పొల్లుపోకుండ అప్పగింతును. దానిని ప్రోగ్రాము తన పాత పద్ధతిలోనికి మార్చబోయినంతనే ప్రతి యక్షరమును ప్రశ్నార్థకమగును. విండోస్ ఫైలు పేర్లలో ఆ చిహ్నమునకు అనుమతియే లేదు గదా, ఇక ఫైలు దొరకుట యెట్లు? ‘ఫైలు లేదు’ అన్న వాక్యమును చూచి, ఉత్తరములు నిజముగనే నశించెనని కుమిలిపోవువారిని తలచినప్పుడు నా మనసు తల్లడిల్లును.

విండోస్ విస్టాతో ఐఫైల్‌డైలాగ్ అను నూతనరూపము వచ్చెను. నాటినుండి నన్ను పిలిచినను సాధారణముగ దాని ముఖమే తెరపై కనబడుచున్నది. నాకు తమ సొంత మీటలను, చిత్రములను తగిలించుకొన్న పాత ప్రోగ్రాములలో మాత్రమే నా ముఖము నిలిచియున్నది. వానిని మరమ్మతు చేయబూనినవారు నా వార్ధక్యమునే తప్పుపట్టి, నన్ను తొలగించి కొత్తదానిని నిలుపుదురు. దోషము ఫైలును తెరచు పంక్తిలో ఉన్నయెడల, మరునాటి ఉదయమే అదే ఫిర్యాదు మరల వారి వాకిట నిలుచును.