ముందు నుంచీ వెనక నుంచీ విన్నాను

నా పేరు 44-బీఎక్స్. పుట్టింది న్యూజెర్సీ రాష్ట్రం కామ్డెన్‌లో, ఆర్‌సీఏ వారి ఫ్యాక్టరీలో. పాత సినిమాల్లో గాయకుల ముందు, మొహమంతా ఇనుప జల్లెడ తొడుక్కుని నిలబడే బరువైన మైకును మీరు చూసే ఉంటారు. అది నేను, లేదంటే నా తోబుట్టువు. తూకానికి నాలుగు కిలోలకు కాస్త తక్కువ. అంత ఒంట్లోనూ అసలు పని చేసేది ఒకటే: అయస్కాంతం రెండు కొసల మధ్య వేలాడే అల్యూమినియం రేకు. దాని మందం సుమారు 2.5 మైక్రాన్లు. మనిషి వెంట్రుక అంతకు ఇరవై రెట్లయినా లావుంటుంది. మాట తగిలితే రేకు కదులుతుంది, రేకు కదిలితే కరెంటు పుడుతుంది, అంతే నా విద్య. పనిచేస్తున్నానో లేదో చూద్దామని నా మొహం మీద ఉఫ్‌మని ఊదారో, నా పని అయిపోయినట్టే.

ఇంకో సంగతి. నాకు ముందూ వెనకా తేడా లేదు. రెండు వైపులా ఒకేలా వింటాను. పక్కల నుంచి మాత్రం దాదాపు చెవుడు. కాబట్టి నాకు అటొకరినీ ఇటొకరినీ కూచోబెడితే ఇద్దరూ సమానంగా వినిపిస్తారు. మాట్లాడేది మొగుడూ పెళ్లాలైతే మరీ మంచిది. 1945 ఏప్రిల్లో న్యూయార్క్ రేడియో స్టేషన్ డబ్ల్యూఓఆర్ నుంచి నన్ను పార్క్ ఎవెన్యూలో 16 గదుల ఇంటికి తీసుకెళ్లింది అందుకే.

ఆ ఇల్లు డొరొతీ కిల్‌గాలెన్‌ది. జర్నల్-అమెరికన్ పత్రికలో 1938 నుంచీ బ్రాడ్‌వే కబుర్ల కాలమ్ రాస్తున్న మనిషి. భర్త రిచర్డ్ కోల్మర్ నటుడు, నాటకాల నిర్మాత, రేడియోలో బోస్టన్ బ్లాకీ అనే పాత్రకు గొంతు. ఇద్దరూ కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకోవాలి, ఊరంతా వినాలి. ఇదీ కార్యక్రమం. పేరు ‘బ్రేక్‌ఫస్ట్ విత్ డొరొతీ అండ్ డిక్’. రాత్రి ఏ నాటకం చూశారు, ఏ క్లబ్బులో ఎవరు కనిపించారు, పిల్లలేమన్నారు, అన్నీ నా ముందే. అమ్మాల్సిన సరుకుల ప్రకటనలు కూడా ఆ కబుర్లలోనే కలిసిపోయేవి. మధ్యలో కనారీ పిట్ట కూసేది. కప్పు సాసర్లో పెట్టిన చప్పుడూ పోయేది కాదు. ఆ ఇంటి నుంచి టెలిఫోన్ తీగ మీద 1440 బ్రాడ్‌వేలోని స్టూడియోకి, అక్కణ్ణుంచి కార్టరెట్‌లోని టవరుకి, 50,000 వాట్ల బలంతో ఆకాశానికి. ఇలాంటి దంపతుల ఫలహార కబుర్లు అప్పట్లో మరికొన్ని ఉండేవి. హాస్యనటుడు ఫ్రెడ్ ఆలెన్, నటి టలూలా బ్యాంక్‌హెడ్ కలిసి వాటిని రేడియోలోనే వెక్కిరించారు కూడా. వెక్కిరించదగ్గవే. బాగా డబ్బున్న ఇంట్లో వెండి గిన్నెల మధ్య కూచుని ఇంటి కబుర్లు చెబితే ఎవరికి నవ్వు రాదు? అయినా జనం వింటూనే ఉన్నారు. 1963 దాకా, పద్దెనిమిదేళ్లు.

మధ్యలో టీవీ వచ్చింది. 1950 ఫిబ్రవరి 2న సీబీఎస్‌లో ‘వాట్స్ మై లైన్?’ మొదలైంది. వచ్చిన అతిథి ఏ పని చేసి బతుకుతాడో నలుగురు ప్యానెలిస్టులు కనిపెట్టాలి. అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలే అడగాలి. ఒక్కో ‘కాదు’కు అతిథికి 5 డాలర్లు, పది ‘కాదు’లైతే 50 డాలర్లు, ఆట సరి. డొరొతీ మొదటి వారమే ప్యానెల్‌లో ఉంది, రెండో ప్రసారం నుంచి ఆర్లీన్ ఫ్రాన్సిస్ చేరింది. నడిపే జాన్ డేలీ రేడియో వార్తల మనిషి. పెరల్ హార్బర్ దాడి వార్త సీబీఎస్ శ్రోతలకు చేరింది ఆయన గొంతు మీదే. నిర్మాతల్లో ఒకడైన మార్క్ గుడ్‌సన్ రేడియో అనౌన్సరుగా పనిచేసినవాడు. ఇంతమంది రేడియో వాళ్లు కలిసి చేసిన టీవీ ఆట ఎలా ఉంటుంది? అసలు రుచంతా ప్రముఖుల వంతులో ఉండేది. అతిథి మొహం అందరికీ తెలిసిందే కనక ప్యానెల్‌కు గంతలు కట్టేవారు. అతిథి గొంతు మార్చి, కీచుమని, బొంగురుగా, ఒట్టి మూలుగుతో జవాబు చెప్పేవాడు. లక్షల మంది బొమ్మ చూస్తున్నారు. ఆడేవాళ్లకు మాత్రం అది రేడియోనే. మాట వెనక ఎవరున్నారో పట్టుకోవడం కళ్ల పని కాదు. పైగా 1952లో అదే ఆటను నిజంగానే రేడియోలోకి తెచ్చి ఏడాదికి పైగా నడిపారు. బొమ్మే లేని చోట గంతలు కట్టుకున్న మనుషుల్ని ఊహించుకోమన్నారు శ్రోతల్ని! మా జాతికి ఇంతకు మించిన మర్యాద ఎవరూ చేయలేదు.

డొరొతీ విలేకరి. ప్రశ్న మీద ప్రశ్న వేసి మనిషిని మూలకు తోసేది, గెలవడం ఆమెకు కావాలి. ఆర్లీన్ పద్ధతి వేరు. నవ్వించి, మెచ్చుకుని, ఆ నవ్వులోనే సంగతి లాగేది. ఆ మెళకువ ఎక్కడిదో నాకు తెలుసు. అర్మేనియన్ తండ్రికి బోస్టన్‌లో పుట్టిన ఈ కజాంజియన్ వారి అమ్మాయి 1930ల నుంచీ రేడియోలో ఉంది. 1938లో ‘వాట్స్ మై నేమ్?’ అనే క్విజ్ నడిపించిన ఇద్దరిలో ఆమె ఒకరు. ఆనవాళ్లు విని ప్రముఖుల పేరు చెప్పాలి. పన్నెండేళ్ల తర్వాత టీవీ కొత్తగా కనిపెట్టానన్నది ఏమిటో మీరే చూడండి. యుద్ధకాలంలో, 1943 నుంచి ‘బ్లైండ్ డేట్’ నడిపింది. గోడకు అటు అమ్మాయిలు, ఇటు సైనికులు, మధ్యలో ఫోను. ఎవరి మొహం ఎవరికీ కనపడదు. గొంతు విని నచ్చినవాడితో అమ్మాయి షికారుకు వెళ్తుంది. 1946లో ఆర్లీన్ ‘ది అఫైర్స్ ఆఫ్ ఆన్ స్కాట్‌లండ్’లో ప్రైవేటు డిటెక్టివ్ వేషం కట్టింది. కట్టింది అంటే గొంతుతోనే. ఇన్ని చేసి వచ్చిన మనిషికి ఆదివారం రాత్రి గంతలు కడితే ఇబ్బందేముంది!

పడమటి తీరంలో ఉన్న మా బంధువులు చెప్పిన ముచ్చట ఒకటి. బెట్టీ వైట్ అనే కుర్రపిల్లకు యూనియన్ కార్డు లేకపోతే రేడియోలో పని లేదు, పని లేకపోతే కార్డు లేదు. చివరకు ‘ది గ్రేట్ గిల్డర్‌స్లీవ్’లో పార్కే అనే మార్గరిన్ ప్రకటనకు ఆమెను తీసుకున్నారు. పలకాల్సింది చిన్న ముక్క. దాంతోనే కార్డు వచ్చింది. తర్వాత టీవీలో ‘పాస్‌వర్డ్’ ఆటలో ఒక్క మాట ఆనవాలుగా ఇచ్చి జోడీ చేత జవాబు చెప్పించడంలో ఆవిడను మించినవారు లేరన్నారు. అంత చిన్న మాటతో బతుకు మొదలుపెట్టినదానికి ఆ ఆట లెక్కేమిటి?

1963లో డొరొతీ ఇంటి కబుర్లు ఆగిపోయాయి. నన్ను స్టూడియోకి తెచ్చేశారు. అప్పటికే ఆర్లీన్ 1960 నుంచి డబ్ల్యూఓఆర్‌లో రోజూ ఇంటర్వ్యూలు చేస్తోంది. టీవీలో ఒకే ప్యానెల్, రేడియోలో ఒకే స్టేషన్. చూసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి పట్టిందో! 1965 నవంబర్ 7, ఆదివారం డొరొతీ ఎప్పట్లాగే ఆట ఆడింది. మర్నాడు లేదు. వయసు 52. తర్వాతి ఆదివారం ఆ కుర్చీలో కిటీ కార్లైల్ కూచుంది, తోటి ప్యానెల్ డొరొతీని తలచుకుంది. ఆ చావు మీద అప్పటి నుంచి ఇప్పటిదాకా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. ఆ పద్దెనిమిదేళ్ల పొద్దుటి కబుర్ల మీద ఎవరూ అంత శ్రమ పడలేదు.

సీబీఎస్‌లో ఆట 1967 సెప్టెంబర్‌లో ముగిసింది. ఊరూరి స్టేషన్లకు అమ్మిన కొత్త రూపం 1975 దాకా నడిచింది, అందులోనూ ఆర్లీన్ ఉంది. అదీ అయిపోయింది, రేడియో మాత్రం ఆగలేదు. 1984 వరకూ, నన్ను బీరువాలో పెట్టేసిన చాలాకాలం తర్వాత కూడా, కుర్ర మైకుల ముందు మాట్లాడుతూనే ఉంది. ఆమెకు టీవీ వచ్చిపోయే చుట్టం. రేడియో రోజూ చేసే కాపురం. లోకం చుట్టాన్నే గుర్తుపెట్టుకుంది. కారణం పెద్దదేమీ కాదు. 1952 తర్వాతి ‘వాట్స్ మై లైన్?’ ఆటలు చాలావరకు ఫిల్ము మీద దాచారు, ఇవాళా చూడొచ్చు. పొద్దుటి కబుర్లను రోజూ దాచాలని ఎవరికి తోస్తుంది?

మా తమ్ముడు 77-డీఎక్స్‌కు మాత్రం టీవీ యోగం పట్టింది. టీవీలో ఇంటర్వ్యూలు చేసిన లారీ కింగ్ బల్ల మీద ఏళ్ల తరబడి దర్జాగా కూచున్నాడు. పలికించింది వేరే చిన్న మైకు, వాడు ఒట్టి అలంకారం. రేడియో నుంచి టీవీకి వెళ్లినవాళ్లలో నోరు మెదిపే అవకాశం రానిది వాడొక్కడికే.