హాజరు లేని పేరు

2023 మార్చి 31 రాత్రి, విజయవాడ వన్ టౌన్‌లో వస్త్రలత దగ్గరి ఒక హోల్‌సేల్ చీరల కొట్టు. ఆఖరి బిల్లు కొట్టి షట్టరు సగానికి దించారు. తెల్లారితే కొత్త లెక్కల సంవత్సరం. పన్నెండేళ్లు దాటిన పాత సర్వరునీ, అందులోని ట్యాలీనీ పక్కన పెట్టి కొత్త సర్వరులో కొత్త సాఫ్ట్‌వేరుతో మొదలు పెట్టాలని చిన్న షావుకారు నిర్ణయం. పెద్దాయన పోయి అప్పటికి రెండేళ్లు.

పని ఒప్పుకున్న కుర్రాడు గట్టివాడు. ఇలాంటి మార్పిడిలో మనవాళ్లు మామూలుగా చేసే తప్పులన్నీ అతనికి తెలుసు. బ్యాకప్ తీశాం కదా అని ఊరుకోలేదు. ముందే దాన్ని తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాడు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద కంపెనీలో పొరపాటున అసలు డేటాబేసే చెరిపేసి, తీరా వెతికితే నమ్ముకున్న బ్యాకప్ పద్ధతులేవీ అక్కరకు రాలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన ఒక కాపీ ఉండబట్టి బయటపడ్డారు. ఆ సంగతి అతను షావుకారుకి చెప్పి మరీ రెండు డిస్కుల్లో రెండు కాపీలు పెట్టాడు. ఒకటి కొట్లో, ఒకటి ఇంట్లో.

ఖాతాదారుల చిరునామాల దగ్గర మరీ జాగ్రత్తపడ్డాడు. మన డోర్ నంబర్లు 11-5-23 లాగా ఉంటాయి కదా, ఎక్సెల్‌లో తెరిస్తే చాలు అవి తేదీలైపోతాయి. ఇది వన్ టౌన్ వాళ్ల కష్టం మాత్రమే కాదు. జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు. బ్యాంకు ఖాతా నంబరు 15 అంకెలు దాటితే ఆపై అంకెలు సున్నాలైపోతాయి. ఇవన్నీ రాకుండా ఆ గడులన్నిటినీ ముందే టెక్స్ట్‌గా పెట్టుకున్నాడు. గుడివాడ, బందరు, అవనిగడ్డ, కైకలూరు పార్టీల బాకీలు ఒక్కొక్కటీ పాతదానితో కొత్తది సరిచూశాడు. మొత్తం కూడిక కలిసినంత మాత్రాన లోపలి పద్దులు కలిసినట్టు కాదన్న సంగతి తెలిసినవాడు. అంత శ్రద్ధగా పనిచేసే మనిషి దొరకడం ఏ కొట్టుకైనా అదృష్టమే.

తేడా తేలింది జీతాల పట్టీ దగ్గర. పట్టీలో 23 పేర్లు, వేలిముద్రల మిషన్లో 22. మిగిలిన ఆ ఒక్క పేరుకి హాజరు లేదు, ఆధార్ లేదు, పీఎఫ్ లేదు. నెలనెలా ఆరు వేలు మాత్రం పామర్రు బ్యాంకులో ఒక ఆడమనిషి ఖాతాలో పడుతోంది. ఏళ్ల తరబడి పడుతూనే ఉంది.

"బాబాయ్ గారూ, ఈ పేరెవరిది?" అని అడిగాడు కుర్రాడు.

గుమాస్తా గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పెద్దాయన పెట్టించిన పేరు బాబూ. ఉండనివ్వండి."

"దేనికిస్తున్నామో రాసుకోవాలి కదండీ. కొత్తదాంట్లో కారణం లేకపోతే తీసుకోదు."

"ఉండనివ్వండి" అన్నారాయన మళ్లీ.

ఆడిటింగులో ఇలాంటి పేరు కనిపిస్తే అనుమానించమనే చెబుతారు. పనిచేయని మనిషి పేరు మీద జీతం రాసి ఆ డబ్బు దారి మళ్లించడం పాత మోసమే. పైగా పట్టీ రాసేది గుమాస్తా గారు, బ్యాంకుకి పంపేది గుమాస్తా గారు, ఆయన సొంతూరు పామర్రు పక్కనే. కుర్రాడు వేలెత్తి చూపలేదు, ఉన్నది ఉన్నట్టు షావుకారు ముందు పెట్టాడు. చిన్న షావుకారు ముఖం మాడిపోయింది.

"నాన్న పోయాక ఆయన పేరు చెప్పుకుని ఇదా బాబాయ్? దేనికిస్తున్నావో ఒక్క ముక్క చెప్పు, వింటాను."

గుమాస్తా గారు చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు ఆ గల్లాపెట్టె పక్కన కూర్చున్న మనిషి, బీరువా తాళాలు బల్ల మీద పెట్టి, సగం దించిన షట్టరు కింద నుంచి వంగి బయటికి వెళ్లిపోయారు. ఏప్రిల్ 1న కొత్త సర్వరు 22 పేర్లతో మొదలైంది.

దానిలోకి తెచ్చింది ముగింపు నిల్వలు మాత్రమే. పన్నెండేళ్ల వోచర్లన్నీ తేవాలంటే ఖర్చు రెట్టింపవుతుందని వదిలేశారు. చాలా కొట్లలో జరిగేది ఇదే. ఎవరికెంత బాకీ అన్నది కొత్త ఇంటికి వస్తుంది. ఎందుకు బాకీ అన్నది పాత ఇంట్లోనే ఉండిపోతుంది. ట్యాలీలో ప్రతి వోచరు అడుగునా నరేషన్ అని ఒక గడి ఉంటుంది. ఆ పద్దు కథంతా గుమాస్తాలు రాసేది అక్కడే. రిపోర్టు తీస్తే అది మామూలుగా కనపడదు. ఎఫ్12 నొక్కి, నరేషన్ కూడా చూపించమని చెబితేనే కనపడుతుంది. ఆ మార్చి రాత్రి ఎవరూ నొక్కలేదు.

డిసెంబరులో జీఎస్టీ వాళ్ల నోటీసు వచ్చింది. 2018-19లో వాపసు వచ్చిన సరుకుకి ఇచ్చిన క్రెడిట్ నోట్లకి కారణాలు చూపమన్నారు. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచాలన్నది చట్టం. 2018-19 రిటర్ను గడువు 2020 డిసెంబరు 31 కాబట్టి, ఆ ఏడాది పుస్తకాలు 2026 ఆఖరుదాకా చేతిలో ఉండాల్సిందే. కొత్త సర్వరులో ఆ సంవత్సరమే లేదు. కుర్రాడికి కబురు వెళ్లింది. అతను దాచిన డిస్కు తెచ్చి బ్యాకప్ ఎక్కించాడు. చక్కగా తెరుచుకుంది. చిన్న షావుకారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

క్రెడిట్ నోట్ల కారణాలు నరేషన్లో ఉంటాయి గనక కుర్రాడు డే బుక్ తీసి ఎఫ్12 నొక్కాడు. ప్రతి పద్దు కిందా గుమాస్తా గారి రాత బయటికొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఏ చీరకి రంగు దిగింది, ఏ బేలు తడిసింది, ఎవరు ఎన్ని మీటర్లు తక్కువన్నారు, అన్నీ ఉన్నాయి. నోటీసుకి జవాబు అరగంటలో తయారైంది.

అదే వరసలో నెల మొదటి తేదీ దగ్గర ఆ పేరు కూడా ఉంది. దాని కింద "2011 మే వోచరు చూడవలెను" అని రాసి ఉంది. తర్వాతి నెలా అదే. ఆ తర్వాతా అదే.

"తియ్యి, ఏం రాశాడో చూద్దాం" అన్నాడు చిన్న షావుకారు.

కుర్రాడు 2011 మే నెలకి వెళ్లి ఆ వోచరు తెరిచాడు. ముందు తనే చదువుకున్నాడు. తర్వాత ఏమీ అనకుండా ల్యాప్‌టాప్‌ని షావుకారు వైపు తిప్పాడు.

"పెద్దాయన మాట ప్రకారం. గోడౌన్ సందులో చిన్నబాబు వ్యాను వెనక్కి తీస్తుండగా చక్రం కింద పడ్డ మన ముఠా మనిషి భార్య ఖాతాకి, వాళ్లు బతికున్నన్నాళ్లూ నెలనెలా. వాడి కాలు తీసేశారన్న సంగతి చిన్నబాబుకి ఎప్పటికీ తెలియనివ్వకూడదు."