తలకెక్కని నూనె

కవిటి, కంచిలి, సోంపేట వైపు పుట్టిన ఆడపిల్లకి కొబ్బరినూనె మీద సొంత అభిప్రాయం ఉండకూడదు. చెట్టు మనది, కాయ మనది, ఆడించిన నూనె మనది. ఖాళీగా ఉన్నది తలొక్కటే కాబట్టి పోసెయ్యడమే. అలాంటి మా ఉద్దానం ప్రాంతంలో నా జుట్టు నూనె తాగనంది.

నూనె మాట అటుంచండి, నీళ్ళూ తాగదు. చెంబుతో కుమ్మరిస్తే చేమాకు మీద పడ్డట్టు జారిపోతాయి. ఓపిక పట్టి తడిపామా, ఇక ఆరదు. సోంపేటలో ప్యాసింజరెక్కి, కిటికీ పక్కన జుట్టు విరబోసుకుని కూర్చుని, మందస రోడ్డు, పలాస, పూండి దాటి, నౌపడాలో దిగి టెక్కలి ఆటో పట్టుకునేసరికి కూడా లోపలి పాయలు తడిగానే ఉంటాయి. సముద్రపు గాలికే చెమ్మ ఎక్కువ, అది మాత్రం ఏం ఆరబెడుతుంది? ఎదుటి సీటావిడ జాలిపడుతుంది: "తల తుడుసుకోలేదేటమ్మా, రొంప సేస్తాది!"

కాశీబుగ్గలో ఒక పార్లర్ అమ్మాయి నా జడ విప్పి, స్కానింగ్ రిపోర్టు చదివే గొంతుతో "మీది లో పోరాసిటీ హెయిర్ అక్కా" అంది. వెంట్రుక పైన పొలుసులుంటాయి. కొందరికవి ఒకదాన్నొకటి గట్టిగా కరుచుకుని ఉంటాయి. వాటిమీద పుట్టుకతో వచ్చిన పల్చని కొవ్వు పొర ఒకటి నీటిని అవతలికి తోస్తుంది. బ్లీచింగులూ రంగులూ ఆ పొరని లేపేస్తాయి. అంటే, చాలావరకు ఇది దెబ్బ తినని జుట్టు లక్షణం. పేరు మాత్రం ఆరోగ్యశ్రీలో చేర్చవలసిన జబ్బులా ఉంటుంది. ఆ అమ్మాయి చూపించిన వైద్యం ప్యాకేజీలో హెయిర్ కలర్ కూడా ఉంది. దెబ్బ తినకపోవడమే జబ్బయితే మందు అదే మరి!

గ్లాసు నీళ్ళలో వెంట్రుక వేసి, తేలితే లో పోరాసిటీ అని తేల్చే పరీక్ష ఒకటి చెలామణీలో ఉంది. మా ఇంట్లో అందరి వెంట్రుకలూ వేశాను. అన్నీ తేలాయి. నానమ్మదీ తేలింది, మొన్న తిరునాళ్ళలో రంగేయించుకొచ్చిన బాబాయిదీ తేలింది. నూనె పట్టిన వెంట్రుక ఎవరిదైనా తేలుతుంది. మా వైపు నూనె పట్టని వెంట్రుక ఏదీ, పరీక్ష చెయ్యడానికి?

అసలు చిక్కు ఫోనులో మొదలైంది. లో పోరాసిటీ వాళ్ళు కొబ్బరినూనె ముట్టుకోకూడదని అందులో ఒకావిడ శాసనం. నానమ్మకి చదివి వినిపించాను. "ఆ గుంట ఏ ఊరుదే?" అనడిగింది. అంతే, విచారణ ముగిసింది.

న్యాయంగా చూస్తే నానమ్మ పక్షానా సాక్ష్యముంది. 2003లో రేలే, మోహిలే అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూశారు. వెంట్రుకలోంచి ప్రొటీన్ పోకుండా కాసింది కొబ్బరినూనే. అందులో సగానికి దగ్గరగా ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది. అందుకే లోపలికి దూరగలదని వాళ్ళ వివరణ. కానీ దూరేది కొంచెమే. మిగతా గిద్దెడూ పైనే నిలబడి, అక్కణ్ణుంచి దిండుకీ, దిండు నుంచి గోడకీ వలసపోతుంది.

పలాస జీడి బట్టీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకి నూనో బూడిదో రాసుకుంటారు, జీడి రసం చర్మంలోకి దిగి కాల్చకుండా. నూనె అడ్డుగోడ అని వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పలేదు. పొడి తలమీద గిద్దెడు నూనె పోసి, ఆపైన నీళ్ళు దిగలేదేమని ఏడవడం నా ఒక్కదాని తెలివే కాదు, మా మండలం మొత్తానిది.

ఇప్పుడు నేను చేసేది చిన్నపనే. వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు తలకి చుట్టుకుంటాను. వేడి తడికి పొలుసులు కాస్త వదులవుతాయంటారు. ఆ తడిమీద, అరచేతికి పూసుకుంటే మెరిసేంత నూనె. గంట తరవాత కుంకుడు రసం. మా బోరునీళ్ళలో సబ్బు తెట్టు కట్టి జుట్టుకి అతుక్కుంటుంది, కుంకుడుకి ఆ గొడవ లేదు. కళ్ళు మాత్రం మండుతాయి. నూనె వెచ్చజెయ్యడం, కాగిన కుంకుడు రసం, చివర సాంబ్రాణి పొగ అన్నీ నానమ్మ తలంటులో ఉన్నవే. ఆవిడతో నాకు తగువు కొలత దగ్గరే.

ఆ కొలత తగ్గదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరిచెట్లని వరసలకి వరసలు పడుకోబెట్టాక, మేమే నూనె సీసా కొనుక్కోవలసి వచ్చింది. కూరలో నూనె తగ్గింది, దీపంలో తగ్గింది. తలమీద చుక్క తగ్గలేదు. ఎందుకో మందసలో ఒక పెళ్ళికి పొడి జుట్టుతో వెళ్ళిననాడు తెలిసింది. పెద్దత్త వరసావిడ నా జడ పట్టుకుని, పందిరంతా వినబడేలా, "ఓలమ్మ, మీ తోటలో ఒక్క సెట్టూ మిగల్లేదేటే?" అంది.

ఇంటికొచ్చి నానమ్మకి పొలుసులూ, అణువులూ, అడ్డుగోడలూ అన్నీ మళ్ళీ వివరించాను. ఎక్కువ పోస్తే లోపలికి వెళ్ళదు నానమ్మా, అన్నాను. సీసా మూత తీస్తూనే విని, చెయ్యి గిన్నెలా పట్టి, నిండా వంపుకుని అంది: "ఎల్లకపోతే మాన్నీ. సూసినోల్లకి అగుపడితే సాలు."