సోమశిల యాత్రా దినచర్య ఆత్మకథ

ఈ ఆత్మకథను చెబుతున్నది గట్టి అట్ట, గీతల కాగితం గల ఒక నోటుపుస్తకం. ఆత్మకథలు ఉత్తమపురుషలో నడవడం ఆనవాయితీయే అయినా, తనలోని ప్రతి అక్షరమూ వేరొకరి చేతిరాత అయిన వస్తువుకు ఆ పురుష మీద పెద్దగా హక్కు లేదు గనుక, ఇది తనను ‘ఈ దినచర్య’ అని మాత్రమే పేర్కొంటుంది. దినచర్య అంటే ఏ రోజు సంగతులను ఆ రోజే తేదీ వేసి రాసిపెట్టే పుస్తకం. జ్ఞాపకాల పుస్తకాలకూ దీనికీ ఉన్న తేడా అంతా ‘ఆ రోజే’ అన్న షరతులో ఉంది, ఆ షరతును ఇంట్లో పాటించడమే కష్టమైతే సెలవుల్లో, ప్రయాణంలో, బస్సు దిగి భోజనం చేసి ఒళ్లు వాల్చాలనిపించే వేళ పాటించడం మరీ కష్టం.

వేసవి సెలవులకు చెన్నై నుంచి వచ్చిన ఒక తెలుగు ఉపాధ్యాయురాలు ఈ దినచర్యను ఆత్మకూరులో కొన్నారు. మొదటి పుట మీద ఆమె రాసిన మొదటి మాట ‘ఆత్మకూరు, నెల్లూరు జిల్లా’. జిల్లా పేరు చేర్చడం చాదస్తం కాదు. నల్లమల అంచున, శ్రీశైలం దారిలో మరో ఆత్మకూరు ఉంది; కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున మరో సోమశిల ఉంది; ఉత్త పేర్లు రాసి వదిలేస్తే, యాభై ఏళ్ల తరువాత చదివేవారు పెన్నకు రావలసింది పోయి కృష్ణకు వెళ్తారు.

ఈ జాతి పుస్తకాలకు తెలుగులో మూలపురుషుని వంటి గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అనగా న్యాయమూర్తులకూ కక్షిదారులకూ నడుమ భాషను మార్చి చెప్పే ఉద్యోగిగా పనిచేసిన ఆయన, బోయీలతో సహా సుమారు నూరుమంది పరివారంతో 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె అనే మిత్రుని కోరిక మీద ఆయన దారి పొడుగునా రాసి, రాసినదాన్ని ఎప్పటికప్పుడు ఆ మిత్రునికి పంపుతూ వచ్చారు. 1836లో ఆయన మరణించగా, 1838లో శ్రీనివాసపిళ్లె ఆ రాతలను అచ్చువేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావు దానిని పరిష్కరించి మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

ఆ గ్రంథాన్ని మొదటిసారి తెరిచినవారికి కొంత నిరాశ కలగవచ్చు. ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి ఎన్ని ఆమడలు, బాట ఇసుకా గులకా, దిగడానికి చావడి ఉందా, బావినీళ్లు తాగడానికి పనికివస్తాయా, అంగళ్లలో ఏమేమి దొరుకుతాయి అన్న వివరాలే పుట తరువాత పుట నడుస్తాయి. అయినా దక్షిణాదిలోనూ ఉత్తరాదిలోనూ 1830 నాటి బాటలు ఎట్లా ఉండేవో తెలుసుకోదలచిన చరిత్రకారులు ఆశ్రయించేది ఆ వివరాలనే; చావడిలో కూర్చుని, పక్కవాణ్ణి అడిగి, మరునాటి పల్లకి ఎక్కకముందే రాసినవి కాబట్టి వాటికి ఆ విలువ వచ్చింది. పంపవలసిన మిత్రుడు ఒకడు ఉండటం కూడా తక్కువ సంగతి కాదు. తనకోసం మాత్రమే రాసుకునేవారు రేపటికి వాయిదా వేస్తారు, ఎదురుచూసే మనిషి ఉన్నవారు వేయలేరు.

వీరాస్వామయ్య సోమశిలకు రాలేదు గాని, సోమశిలకు రెండు వైపులా నడిచారు. వెళ్లేటప్పుడు తిరుపతి, ఒంటిమిట్ట, కడపల మీదుగా పోయి వెలికొండలకు పడమట పెన్నను దాటారు. వచ్చేటప్పుడు కోస్తా బాటన నెల్లూరు దగ్గర అదే నదిని మళ్లీ దాటారు. ఆ రెండు రేవులకూ నడుమ, కొండలను చీల్చుకుని నది మైదానంలోకి దిగే సందులో సోమశిల ఉంది. అక్కడ కట్టిన జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. టీఎంసీ అంటే వందకోట్ల ఘనపుటడుగుల నీరు. తెలుగుగంగ పథకం కింద శ్రీశైలం నుంచి బయలుదేరే కృష్ణనీరు కడప జిల్లా మీదుగా ఇక్కడికి వచ్చి, కండలేరు చేరి, అక్కడి నుంచి చెన్నైకి వెళ్తుంది. 1996లో మొదటిసారి తమిళనాడు చేరిన ఆ నీటి దారి, వీరాస్వామయ్య మద్రాసు నుంచి శ్రీశైలానికి వెళ్లిన దారికి ఇంచుమించు ఎదురుదారి కావడం ఈ దినచర్యకు గర్వకారణమే, అందులో దీని ప్రమేయం ఏమీ లేకపోయినా.

సోమశిలలో నిండిన పుటలు మూడు రకాల రాతతో ఉన్నాయి. నడుస్తూ రాసినవి అంచుల్లో, వంకరగా, క్రియలు లేని మాటలు: ‘ఆప్రాన్ – పగుళ్లు – 2021’, ‘సోమేశ్వరాలయం – గేట్లకు దిగువ’. రాత్రి బసలో రాసినవి పూర్తి వాక్యాలు. 2021 నవంబరు 19న ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ వరద పెన్నలో కలిసి సోమశిల మీదికి వచ్చిందనీ, గేట్ల నుంచి దూకే నీటి దెబ్బకు నదీగర్భం కోసుకుపోకుండా దిగువన వేసే కాంక్రీటు పరుపునే ఆప్రాన్ అంటారనీ పగటి ముక్కలు ఇక్కడ విడమరచబడ్డాయి. మూడోది తరువాత వేరే సిరాతో, వేరే తేదీతో చేర్చిన సవరణ. పాతమాటను కొట్టివేయకుండా పక్కన సవరణ రాయడమే సరైన పద్ధతి, ఏది చూసి రాసిందో ఏది విని దిద్దిందో తేలేది దానివల్లనే. ఒక పుట మీద పులిహోర పసుపు మరక కూడా ఉంది, దానికి తేదీ అక్కరలేదు. పుట నిండగానే ఫోనులో ఫొటో తీసి, కొండల నడుమ సిగ్నల్ అందిన చోట నిలబడి, చెన్నైలోని స్నేహితురాలికి వాట్సాప్‌లో పంపడం జరిగేది. పుస్తకం పెన్నలో పడినా రాత పోదన్న ధీమా అట్లా కలిగింది.

అదే యాత్రలో చూసిన ఉదయగిరి కోట పుటల సంగతి వేరు. దుర్గం ఎక్కి దిగిన అలసటతో ఆ రాత్రి ఏమీ రాయబడలేదు. ఊరు దాటిన తరువాత, జ్ఞాపకం మీద నిండిన ఆ పుటల్లో కోట ‘అద్భుతం’, దృశ్యం ‘వర్ణనాతీతం’, గాలి ‘చల్లన’. ఈ దినచర్యలో అందమైన పుటలు అవే, పనికిరానివీ అవే. ఎన్ని ద్వారాలు దాటారో, తాగునీరు ఎక్కడ దొరికిందో, దారి చూపిన మనిషి ఏమి చెప్పాడో వాటిలో లేదు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ దుర్గాన్ని గెలిచి, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడన్న సంగతి, ఆ విగ్రహం నేడు చెన్నై మ్యూజియంలో ఉందన్న సంగతి చెన్నై చేరాక సవరణగా ఎక్కాయి. ఆ పుటల్లో నమ్మదగింది ఒక్కటే: ఊళ్లో చెక్క చెంచాలు చెక్కే ఇంటి గడపలో కూర్చుని అప్పటికప్పుడు రాసిన అయిదారు వరుసలు. గరిటె కాడ కొసన ఆకురాయితో ఒక్కొక్క గాడీ తీసే తీరు, భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిలో ఎక్కువమంది ఆడవారే కావడం అందులో ఉన్నాయి. వాటి మధ్య గోరంత చెక్కపొట్టు కూడా ఒకటి ఇరుక్కుని ఉంది.

సోమశిల వెనుకజలాల కింద, అనగా ఆనకట్ట వల్ల ఎగువకు ఎగదన్నిన నీటి కింద, అట్లూరు, నందలూరు, ఒంటిమిట్ట మండలాల ఊళ్లు అనేకం మునిగిపోయాయి. ఆ ఊళ్ల బావుల, చావడుల, బాటల వివరాలు పాత దినచర్యల్లో, పెళ్లి ప్రయాణాల పద్దుల్లో, బంధువులకు రాసిన కార్డుల్లో ఇప్పటికీ ఉండవచ్చు. అటువంటి కాగితాలు చదువరుల ఇంటి అటకల మీద ఉంటే, వాటిని పాతకాగితాల వారికి తూకానికి వేయకముందు ఒకసారి తిరగేసి, పేరూ తేదీ ఉన్న పుటలనైనా ఫొటో తీసి మరొకరికి పంపవలసిందిగా ఈ దినచర్య కోరుతున్నది.